రాళ్లచెలమ నీళ్ల సగటు

రాళ్లచెలమ,
తర్లుపాడు పోస్టు, మార్కాపురం తాలూకా.
12 ఫిబ్రవరి 1968

ప్రియమైన తమ్ముడు కరుణాకరానికి,

ప్రభువు నామంలో నీ అక్క సౌభాగ్యమ్మ శుభాలు చెప్పి రాసే ఉత్తరం. ఇక్కడ నేనూ మీ బావా బాగున్నాం. పలకల ఫ్యాక్టరీలో బావకు చేతినిండా పని. నా బడిలో ఈ ఏడు అరవై ఇద్దరు పిల్లలు. క్షేమసమాచారం ఇంతటితో సరి. ఇక అసలు సంగతికి వస్తాను. కోపం దాచుకుని రాయడం నాకు చేతకాదని నీకు తెలుసు.

మంచినీళ్ల పథకం పట్టిక నిన్న వచ్చింది. నీకు గుర్తుండే ఉంటుంది. ఏ ఊరి బావి నీళ్లలో ఫ్లోరైడు సగటున మూడు గానీ, మూడుకు పైన గానీ ఉంటే ఆ ఊరికి గుండ్లకమ్మ ఒడ్డున బావి తవ్వి గొట్టాల్లో నీళ్లు తెస్తామన్నారు. పది నెలలు, నెలకొక సీసా చొప్పున, మన ఊరి బావి నీళ్లు నేనే తోడి పంపాను. సీసా కడగడం, మూత బిగించడం, లక్క ముద్ర వెయ్యడం, అన్నీ ఊరి ప్రెసిడెంటు చెన్నయ్య ఎదుటే. పరీక్ష చేసినవాళ్లు ఆ పది అంకెలూ నాకు రాసి పంపారు. ఇవిగో: 2.9, 3.1, 2.8, 3.2, 3.0, 2.7, 3.3, 2.9, 3.1, 3.0. నువ్వే కూడు. ముప్పై వస్తుంది. పదితో భాగిస్తే మూడు.

పట్టిక ఇంగ్లీషులో ఉంది. మన ఊరి వరుస తెలుగు చేసి చదువుతాను, విను. "రాళ్లచెలమ. నమూనాలు 10. సగటు 3.00. అర్హత లేదు."

సగటు మూడని వాళ్లే అచ్చేశారు. మూడుంటే చాలని రూలూ వాళ్లదే. మరి లేదని రాసిన పుణ్యాత్ముడెవరు? పేజీ పేజీకీ అడుగున ఇంకా ఏవో ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉన్నాయి గానీ, వాటి సంగతి తర్వాత.

చెన్నయ్య పట్టిక పట్టుకుని బడికే వచ్చాడు. "ఏందమ్మా టీచరమ్మా, మూడుకు మూడు తక్కువంట! నీ బడిలో లెక్కలు ఇట్లనే చెబుతుండావా?" అని పిల్లల ముందే అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అతని వెనకాలే కాటమరాజు నిలబడ్డాడు. గొర్రెలు కాచే కాటమరాజు, నీకంటే పన్నెండేళ్లే పెద్ద. ఈ నీళ్లకే వెన్ను వంగిపోయింది. "అక్కా, నా గొర్రెల మొఖాలు సూసి రెండేండ్లయింది. కాళ్లే కనపడతాయి. ఏ గొర్రె ఏదో గిట్టలు సూసి పోల్చుకుంటుండా," అని నవ్వాడు. ఆ నవ్వు నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

ఈ పట్టిక లెక్కల మిషను చేసిందట. మిషను ఉన్న ఆఫీసులో నా తమ్ముడున్నాడు. కనుక్కుని వెంటనే జవాబు రాయి.

నీ అక్క,
సౌభాగ్యమ్మ

---

హైదరాబాదు
24 ఫిబ్రవరి 1968

అక్కకు,

నీ తమ్ముడు కరుణాకరం వందనాలు. ఉత్తరం అందింది. నీ కోపం కవరు విప్పకముందే తెలిసింది. స్టాంపు తలకిందులుగా అంటించావు.

మీ ఊరి కార్డులు వెతికి తీశాను. మా ఆఫీసులో ప్రతి అంకెనూ అట్టముక్క మీద చిల్లులుగా కొడతారు. మిషను ఆ చిల్లులు చదివి, అక్షరాలుగా ఉన్న 2.9ని తన లోపలి లెక్కలోకి మార్చుకుంటుంది. కార్డుల్లో తప్పు లేదు. పదీ నువ్వు రాసినట్టే ఉన్నాయి. నిన్న వాటిని ఇక్కడి మిషనులో వేసి చూశాను. "రాళ్లచెలమ, 3.00, అర్హత ఉంది" అని వచ్చింది!

అయితే మీకొచ్చిన పట్టిక ఇక్కడ చేసింది కాదు. నాలుగు వందల పన్నెండు ఊళ్లు. ఇక్కడి మిషను పాతది, నిదానం. అందుకని కార్డులన్నీ పెట్టెలో పెట్టి బొంబాయిలోని పెద్ద మిషనుకు పంపారు. అవే కార్డులు, అదే ప్రోగ్రాం. అక్కడ "లేదు" అని వచ్చింది.

కారణం ఇదీ అక్కా. మా మిషను మనలాగే పదుల్లో లెక్క పెడుతుంది. బొంబాయిది సగాల్లో లెక్క పెడుతుంది. అమ్మ జొన్నలు కొలిచేది గుర్తుందా? మానిక, దానిలో సగం తవ్వ, అందులో సగం సోల, తర్వాత అరసోల, గిద్దె. ఆ కొలపాత్రలతో మానికలో సరిగ్గా పదోవంతు కొలిచి ఇమ్మంటే అమ్మ ఇవ్వగలదా? ఒక గిద్దె పోసి, మీద అరగిద్దె పోసినా కాస్త తక్కువే. మిగిలిన కాస్తకు పాత్ర లేదు. బొంబాయి మిషనుకూ అంతే. 2.9 చూడగానే 29ని పదోవంతుతో గుణిస్తుంది. పదోవంతు దానికి సరిగా కుదరదు. కుదరని పిసరు వదిలేస్తుంది. పది నమూనాల్లో పది పిసర్లు పోయాయి. సగటు మూడుకు వెంట్రుకవాసి తక్కువైంది. అచ్చు వేసేటప్పుడు మాత్రం రెండు స్థానాలకు సవరించి 3.00 అని వేసింది. పోల్చేటప్పుడు సవరించలేదు.

ఆ ప్రోగ్రాం ఆఫీసులో ఎవరో రాశారు. పాపం, ఇక్కడి మిషను మీద సరిగ్గా వచ్చింది కదా అనుకుని ఉంటారు. పట్టిక ఇప్పటికే పైకి వెళ్లిపోయింది. ఏం చేయవచ్చో చూస్తాను.

బావకు నమస్కారాలు.

నీ తమ్ముడు,
కరుణాకరం

---

రాళ్లచెలమ
8 మార్చి 1968

ప్రియమైన తమ్ముడికి,

శుభాలు. నీ మానిక, గిద్దె లెక్క నాకు బాగా అర్థమైంది. ఐదో తరగతి పిల్లలకు కూడా చెప్పాను. పలకల మీద పది అంకెలూ వేయించి కూడమన్నాను. ఇరవై ఒక్క మందిలో పంతొమ్మిది మందికి ముప్పై వచ్చింది. మిగతా ఇద్దరినీ బొంబాయి పంపిద్దామని బావ అంటున్నాడు.

నాకొకటి మాత్రం అర్థం కాలేదు. మనిషన్నాక ఊరు మారితే మాట మారుస్తాడు, చూశాను. మిషనుకు కూడా హైదరాబాదులో ఒక బుద్ధి, బొంబాయిలో ఒక బుద్ధా? నా బడిలో పిల్లవాడు ఏ పలక మీద వేసినా రెండూ రెండూ నాలుగే రావాలి. పలక మారింది గనుక మూడు ముప్పాతిక వచ్చిందంటే వాడి వీపు విమానం మోత మోగుతుంది. ఆ రాసినవాళ్లెవరో వాళ్లకు నా మాటగా చెప్పు. తన మిషను మీద సరిగ్గా వస్తే సరిపోదు, ఎవరి మిషను మీదైనా సరిగ్గా రావాలి.

బావిలో నీళ్లు అడుగంటాయి. అడుగు నీళ్లు మరీ చేదు. ఆడవాళ్లం వాగులో చెలమలు తవ్వుకుంటున్నాం. చిప్పతో తోడితే బిందె నిండటానికి గంట. రాములమ్మ అయితే తెల్లారకముందే పోయి తన చెలమ పక్కన కూర్చుంటుంది. ఎవరైనా ఆక్రమిస్తారని భయం. నిన్న ఆమె నన్ను ఆపి, "మీ తమ్ముడు కాగితం రాసే కాడ ఉండాడంట గదమ్మా, మాకూ నీళ్లియ్యమని ఒక గీత గీయమను," అంది.

వెంటనే జవాబు రాయి. ఏం చేయవచ్చో చూడటం కాదు, ఏం చేశావో రాయి.

అక్క

---

హైదరాబాదు
25 మార్చి 1968

అక్కా,

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వెయ్యి. బావకు చెప్పినా, బయట ఎవరికీ వద్దు.

వచ్చే నెల మొదట్లో కొన్ని ఊళ్ల కార్డులు బొంబాయికి మళ్లీ వెళ్తున్నాయి. పేర్లలో తప్పులు దిద్దటానికి. మీ ఊరి కట్ట కూడా అందులో కలపడం నా చేతిలో పని. పదో కార్డు మీద 3.0 ఉంది కదా. దాని బదులు 3.1 అని చిల్లు కొడితే చాలు. ఒక్క చిల్లు. సగటు 3.01 అవుతుంది. ఏ మిషనైనా "ఉంది" అనే అంటుంది. నీళ్లొస్తాయి. ఎవరికీ నష్టం లేదు. నిజానికి అర్హత ఉన్న ఊరే కదా.

కాటమరాజు మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. నువ్వు సరేనంటే చేసేస్తాను. ఒక్క మాట రాయి చాలు.

కరుణాకరం

---

రాళ్లచెలమ
31 మార్చి 1968

కరుణాకరం,

వద్దు. ఒక్క మాట రాయమన్నావు, రాశాను. రెండో మాట కూడా విను.

ఆ సీసాలు నేను తోడినవి. లక్క కరిగించి నా చేత్తో ముద్ర వేశాను, వేలు కాలితే ఊదుకున్నాను. మా నీళ్లలో ఎంత విషం ఉందో అంతే రాశారు. అది చాలు. మేం అబద్ధమాడితే గానీ నిజం నిలబడదా? రేపు ఎవరైనా ఆ సీసా కాగితం, నీ కార్డు పక్కపక్కన పెడితే, దొంగ లెక్క రాసిన ఊరని మా పేరు మారుమోగుతుంది. చెన్నయ్య ముందు నేను తలెత్తుకోవద్దా?

ఇంకొకటి. మా ఊరికి చిల్లు కొట్టే తమ్ముడున్నాడు. మాలాగే సరిగ్గా మూడు మీద నిలిచిపోయిన ఊళ్లు ఇంకా ఉండవా? వాళ్ల తమ్ముడెవరు?

అంకె సరైనదే. మిషను తప్పు. తప్పున్నచోట దిద్దు.

సౌభాగ్యమ్మ

---

హైదరాబాదు
20 ఏప్రిల్ 1968

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివి మూడు రోజులు ముఖం చెల్లక తిరిగాను. నువ్వన్నది నిజమే. వెతికితే మీలాంటివి ఇంకో రెండున్నాయి. ఒకటి కురిచేడు వైపు, ఒకటి గిద్దలూరు వైపు. సరిగ్గా మూడు, అర్హత లేదు.

ఈస్టరు సెలవుల్లో ఆఫీసులోనే కూర్చుని ఒక ఉపాయం చేశాను. సంతలో కొలిచాక కొసరు వేస్తారు చూడు, అట్లాగే పోల్చేముందు సగటుకు కాస్త కొసరు కలపమని మిషనుకు చెప్పాను. తీసుకెళ్లి మా పెద్దాఫీసరు ప్రకాశరావుగారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగారు: "కొసరు ఎంత వేశావు?" చెప్పాను. "బొంబాయి మిషనుకు చాలిన కొసరు రేపు మద్రాసు మిషనుకు చాలుతుందా? చాలదేమోనని ఇంకాస్త పెంచావనుకో, నిజంగా తక్కువున్న ఊరు కూడా లోపలికి వస్తుంది. అప్పుడు అర్హత తేల్చేది నీళ్లా, నువ్వా?"

ఆయన చెడ్డవాడు కాదక్కా. పట్టిక తప్పని ఒప్పుకున్నారు. కానీ ఒక షరతు పెట్టారు. ఒకే కార్డుల కట్ట, రెండు మిషన్లు, రెండు కాగితాలు. కొసరు ఉండకూడదు. రెంటికీ ఒక్క అక్షరం తేడా రాకూడదు. అట్లాంటిది తెస్తే పాత పట్టిక రద్దు చేసి కొత్తది పంపుతానన్నారు. జూలై ఆఖరులోగా. తర్వాత గొట్టాలకు ఆర్డరు వెళ్లిపోతుంది, ఇక ఎవరూ ఏమీ చేయలేరు. బొంబాయిలో మిషను దొరికేది కూడా ఒక్కసారే, పదిహేను నిమిషాలు.

నాకు దారి కనపడటం లేదు. 2.9 బొంబాయి మిషనులోకి పోతే తరిగిపోతుంది. అది దాని పుట్టుక. దాన్నెట్లా మార్చను?

కరుణాకరం

---

రాళ్లచెలమ
9 మే 1968

ప్రియమైన తమ్ముడికి,

శుభాలు. ఎండలు మండిపోతున్నాయి. బడికి సెలవులు. వాగులో చెలమలు మనిషి లోతు దిగాయి. జూలై దాకా టైముందంటే నాకు చాలానే అనిపిస్తోంది. మనకు దారి కనపడకపోతే దారి లేదని కాదు, మనం ఇంకా వెతకలేదని. వెతుకు. ఎక్కువ రాయలేకపోతున్నాను. నీ ఉత్తరం బావకు చదివి వినిపించాను. ఆయన రెండుసార్లు చదివించుకుని, ఏదో ఆలోచిస్తూ ఫ్యాక్టరీకి పోయాడు.

అక్క

(కవరులో, పలకల ఫ్యాక్టరీ చీటీ వెనక, ఇంకో చేతిరాత)

బామ్మర్దీ, ఇది మీ అక్కకు తెలీకుండా పెడుతుండా. నా రాత కోడి గీకినట్టుంటది, ఓపిగ్గా చదువు.

నీ మిషను కత నాకు ఇంటుంటే మా ఫ్యాక్టరీలో కొత్తగా చేరినోడు గుర్తొచ్చినాడు. వాడు పొడుగు రాయి ముందర పెట్టుకుంటాడు. ఒక పలక కొలుస్తాడు, కోస్తాడు. కోసిన అంచు కాడి నుంచి ఇంకోటి కొలుస్తాడు, కోస్తాడు. రంపం కోత కోతకీ నూలుపోగంత తింటది. పది పలకలయ్యేసరికి ఆఖరుదానికి రాయి చాలదు. నేను వాడిని అడిగినా: "ఒరే, పది ముక్కలూ మళ్లా పక్కపక్కన పేరిస్తే ముందర రాయంత పొడుగొస్తదా?" రాదన్నాడు. "మరి రాయి పొడుగెంతో ఎప్పుడు కొలవాల?" అన్నా. "కోయకముందు," అన్నాడు. అంతే గదా.

నువ్వు రాసినావే, మిషను ఇరవైతొమ్మిదిని తీసుకుని పదోవంతు చేస్తదని. ఇరవైతొమ్మిది దానికి బాగానే తెలుసు గదా? అది మొత్తం రాయి. దాన్ని అప్పుడే ఎందుకు కోస్తాది? పదీ అట్లనే రాళ్లుగా పెట్టుకోమను. కూడమను. ఆఖర్న ఒక్కసారి కోసుకోమను. నాకు మిషను తెలీదు. తప్పయితే నవ్వుకో.

ఇంకో మాట. మీ అక్క నీకు రాయదు గానీ, ఆమె మెడ పట్టేసింది. ఏడాదిగా ఉంది, ఇప్పుడు ముదిరింది. తల కిందికీ పోదు, పైకీ పోదు. నల్లబల్ల మీద పై వరుస పిల్లలతో రాయిస్తది. ఉత్తరం రాసేటప్పుడు పలకను గూట్లో నిలబెట్టి, దాని మీద కాయితం ఆనించి, నిలబడి రాస్తది. బిందె ఎత్తొద్దంటే ఇనదు. ఆ నీళ్లే గదా పదిహేడేండ్లుగా తాగింది.

నీ బావ,
ఎజ్రా

---

హైదరాబాదు
2 జూన్ 1968

అక్కా,

ముందు ఒక అబద్ధం దిద్దుకోవాలి. ఫిబ్రవరిలో "ఆఫీసులో ఎవరో రాశారు" అన్నాను. ఆ ప్రోగ్రాం రాసింది నేనే. నాలుగు వందల పన్నెండు ఊళ్ల లెక్క నా మొదటి పెద్ద పని. ఇక్కడ సరిగ్గా వచ్చిందని పొంగిపోయి బొంబాయి పంపాను. మీ ఊరికి "లేదు" అన్నది మిషను కాదు, నేను. నీకు రాయడానికి సిగ్గేసింది. కార్డుకు చిల్లు కొడతానన్నది కూడా మీ మీద ప్రేమ ఒక్కటే కాదు. నా తప్పు ఎవరి కంటా పడకుండా పోతుందని. నిన్న ప్రకాశరావుగారికీ చెప్పేశాను. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆయన "జూలై తర్వాత చూద్దాం" అన్నారు. చూడనీ.

రెండో సంగతి. నీ మెడ గురించి తెలిసింది. ఎట్లా తెలిసిందని అడగొద్దు. పోట్లాడటానికి నాకిప్పుడు టైము లేదు. ఊరికి వచ్చాక పోట్లాడతాను. అంతదాకా బిందె ముట్టుకోకు.

మూడో సంగతి. బావ చెప్పిన పద్ధతి చూసి నా నెత్తిన నేనే మొట్టుకున్నాను. ఎంతసేపూ తరుగును ఎట్లా పూడ్చాలా అని చూశాను గానీ, అసలు కోయడం ఎందుకని అడగలేదు. అంకెను మార్చే పని ఇక మిషను సొంత పద్ధతికి వదలడం లేదు, నేనే కొత్తగా రాస్తున్నాను. కార్డు మీద అక్షరాలను ఒక్కొక్కటే చదవాలి. రెండు వచ్చింది, పెట్టుకో. చుక్క వచ్చింది, అది లెక్కలో కలవదు, దాని తర్వాత ఎన్ని అంకెలొచ్చాయో గుర్తు పెట్టుకో. తొమ్మిది వచ్చింది, ఇరవైతొమ్మిది, చుక్క తర్వాత ఒకటి. అన్నీ పూర్తి అంకెలే. పూర్తి అంకెను పదుల్లో లెక్కపెట్టినా సగాల్లో లెక్కపెట్టినా ఒక్కటే, అమ్మ మానికలు లెక్కపెట్టినట్టు. ఇరవైతొమ్మిది, ముప్పైఒకటి, అట్లా కూడితే మూడు వందలు. పది నమూనాలకు మూడేసి చొప్పున, అంటే పదింతలు చేసిన ఈ లెక్కలో ముప్పై చొప్పున, ఉండాల్సిందీ మూడు వందలే. ఆ రెంటినీ పోల్చడమే. భాగహారం ఆఖర్న ఒక్కసారి, అచ్చు వేయడానికి మాత్రమే.

వినడానికి సులువు. కార్డులు తీస్తే కళ్లు తిరిగాయి. ఒకరు 3 అని రాశారు, ఒకరు 3.0, ఒకరు 03.0, ఒకరు 3.00. ఒకచోట .9 అని ముందు సున్నానే లేదు. ఇంకోచోట చుక్క ముందు ఖాళీ. అన్నిటికీ చోటివ్వాలి. పన్నెండుసార్లు రాసి చించేశాను. ఇది పూర్తయ్యేదాకా వదలను.

నీ తమ్ముడు,
కరుణాకరం

---

బొంబాయి
19 జూలై 1968

అక్కా, బావా,

రైల్వేస్టేషను బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

ఇక్కడ వారం నుంచీ ముసురు. కార్డుల పెట్టెను రైల్లో ఒళ్లో పెట్టుకుని, నా దుప్పటి దానికి కప్పి తెచ్చాను. అయినా చెమ్మ పట్టింది. నాకిచ్చింది పదిహేను నిమిషాలు. మొదటి నిమిషంలోనే ఉబ్బిన కార్డు ఒకటి మిషను నోట్లో ఇరుక్కుంది. అక్కడి ఆపరేటరు చేతులెత్తేసి, "ఇక వచ్చే నెల," అన్నాడు. నేను కదల్లేదు. మిషను వెనక వేడిగాలి వచ్చే జాలీ ఉంది. కట్టలు కట్టలుగా అక్కడ పట్టుకుని విసురుతూ ఆరబెట్టాను. అది చూసి అతనే వచ్చి సగం కట్ట అందుకున్నాడు. ఇరుక్కుని నలిగిన కార్డును చూసి మళ్లీ కొట్టాం. మిగిలింది నాలుగు నిమిషాలు. అవి సరిపోయాయి.

హైదరాబాదు కాగితం, బొంబాయి కాగితం నేలమీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని నాలుగు వందల పన్నెండు వరుసలూ వేలుపెట్టి చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు.

"రాళ్లచెలమ. నమూనాలు 10. సగటు 3.00. అర్హత ఉంది."

మిగతా రెండు ఊళ్లు కూడా మారాయి. గిద్దలూరు వైపే ఇంకో ఊరుంది, దాని సగటు నిజంగానే 2.99. అది రెండు మిషన్ల మీదా "లేదు" అనే వచ్చింది. నేను కొసరు పెంచి ఉంటే లోపలికి వచ్చేది. ఆ ఊరి పేరు చూసి సంతోషం సగం చచ్చింది. కానీ దాన్ని దిద్దడం నా ప్రోగ్రాం పని కాదు.

నా జూన్ ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదక్కా. తిట్టయినా తిట్టు.

కరుణాకరం

---

రాళ్లచెలమ
27 ఏప్రిల్ 1969

ప్రియమైన తమ్ముడు కరుణాకరానికి,

ప్రభువు నామంలో శుభాలు. ఇన్నాళ్లూ నా తరఫున బావే రెండు ముక్కలు గీకి పంపాడు. ఈ ఉత్తరం మాత్రం ఎన్ని రోజులు పట్టినా నేనే రాస్తానన్నాను. నాలుగు రోజులు పట్టింది. నీ ఉద్యోగం పర్మనెంటు అయిందని ప్రకాశరావుగారు సంతకం పెట్టిన కాగితం గురించి రాశావు, సంతోషం.

మొన్న బుధవారం గొట్టాల్లో నీళ్లు వచ్చాయి. చెన్నయ్య కొబ్బరికాయ కొట్టాడు, మా పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఎవరి దేవుడు ముందని రెండు నిమిషాలు గొడవ కూడా అయింది. ఈలోపు రాములమ్మ ఎవరినీ అడక్కుండా కుళాయి తిప్పేసింది. మొదట గాలి, తర్వాత ఎర్రనీళ్లు, తర్వాత తేటనీళ్లు. కాటమరాజు వంగిన నడుముతోనే కుళాయి కిందికి చేరి, "మాకు వంగే పని ల్యా, దేవుడు ముందే వంచి పెట్టినాడు," అంటూ దోసిలి పట్టాడు. అతని వెన్ను ఇక నిలబడదు. డాక్టరు అదే చెప్పాడు, నా మెడ సంగతీ అంతే. కానీ నా బడిలో ఈ ఏడు చేరిన ఒకటో తరగతి పిల్లలకు ఇంకా పాలపళ్లే. వాటి వెనక వచ్చే పళ్లు మా పళ్లలా గారపట్టకుండా వస్తాయేమో నేను కనిపెట్టి చూస్తాను.

ఆ 2.99 ఊరి టీచరుకు ఉత్తరం రాశాను. ఈ ఏడు మళ్లీ నమూనాలు పంపమని, బావి అడుగంటి విషం చిక్కబడే నెలల్లో కూడా మానకుండా తోడమని. లక్క ముద్ర ఎట్లా వేయాలో బొమ్మ గీసి పంపాను. అంకెలు ఎంత వస్తే అంతే రాయమన్నాను.

ఇక నీ జూన్ ఉత్తరం. జవాబు రాయలేదని మూడుసార్లు అడిగావు. మొదటి ఉత్తరంలో, పట్టిక అడుగున ఇంగ్లీషు అక్షరాలున్నాయి, వాటి సంగతి తర్వాత అన్నాను, గుర్తుందా? ఆ "తర్వాత" ఇప్పుడు వచ్చింది. అక్కడ ఉన్నది నీ పేరు. ప్రోగ్రాం రాసినవాడి పేరు పేజీ పేజీకీ అచ్చయింది. ఆ అక్షరాలు నీకు పలక మీద దిద్దించింది నేను, గుర్తుపట్టనా? పట్టిక వచ్చిన రోజే తెలుసు. చెన్నయ్యకు ఇంగ్లీషు రాకపోవడం ఆ ఒక్కరోజే మేలనుకున్నాను. "ఎవరో రాశారు" అని నువ్వు రాసినప్పుడు ఏడ్చాను. పోగొట్టుకున్నది నీళ్లు కాదు, తమ్ముణ్ణి అనిపించింది. అయినా అడగలేదు. నేను అడిగితే నువ్వు ఒప్పుకునేవాడివి. నాకు కావలసింది అది కాదు, నీ అంతట నువ్వు చెప్పడం. జూన్ ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు. మార్చిది వేశాను.

కొత్త పట్టిక అడుగున కూడా నీ పేరుంది. అది బడి గోడకు అంటించాను. ఈసారి అందరికీ చదివి చెప్పాను.

నీళ్ల రుచి ఎట్లా ఉందని బావ అడిగాడు. గ్లాసు పైకెత్తి తాగలేను గనుక ఆయనే వంచి పట్టుకున్నాడు. తియ్యగా లేవురా. చేదుగా లేవు. ఏ రుచీ లేదు. రెండో గ్లాసు కూడా పట్టమన్నాను.

నీ అక్క,
సౌభాగ్యమ్మ